ఆ దీపము ఎవరి పొలిమేరలోనిది?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 21:1–9, అపొస్తలుల కార్యములు 23:16–22



ఈ నెల మనము ఆలోచింపబోవు సంగతి కొందరికి చిన్నదిగా తోచవచ్చును. పట్టణములో నాలుగు రోడ్లు కలియు చోట ఎఱ్ఱ దీపము, పచ్చ దీపము వెలుగు సిగ్నలు చెడిపోయినయెడల, దానిని చూచినవాడు ఏమి చేయవలెను? ఊరకే చూచి పోవచ్చునా? లేక ఎవరికైనను చెప్పవలెనా? చెప్పవలసినయెడల ఎవరికి చెప్పవలెను? పల్లెలలో నుండు మనకు సిగ్నలు దీపములతో పని యేమని మీరనవచ్చును. మేమును అట్లే అనుకొంటిమి. అట్లు అనుకొన్నందువలన మాకు కలిగిన మనోవేదనయే ఈ మాటలు వ్రాయుటకు కారణము.

మా సంఘములో ఒక పెద్దగారి భార్యకు కంటి వైద్యము కొరకు గత వేసవిలో నెలకొకసారి హైదరాబాదు వెళ్లవలసి వచ్చెను. వారికి పట్టణము క్రొత్త గనుక మేము తోడు వెళ్లుచుంటిమి. మా వైపునుండి విజయవాడ రోడ్డున పోవు బస్సు ఎల్.బి.నగర్‌లో ఆగును. అక్కడనుండి కొత్తపేట, చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ నాలుగు కిలోమీటర్ల లోపే. 2018 సెప్టెంబరు నుండి తలపైన మెట్రో రైలు పోవుచున్నది. క్రింద బస్సులు, ఆటోలు, లారీలు, లెక్కలేని మోటారు సైకిళ్లు. ఎల్.బి.నగర్ కూడలిలో పై వంతెనలు, క్రింది దారులు కట్టిరి గనుక బండ్లవారికి కొంత సులువైనది. కాలినడకవానికి మాత్రము రోడ్డు దాటుట నేటికిని కష్టమే.

ఆ దారిలో ఒక కూడలియొద్ద మేము మొదటి నెల దాటునప్పుడు సిగ్నలు వెలుగుట లేదు. ఎఱ్ఱ లేదు, పసుపు లేదు, పచ్చ లేదు. పెద్దగారి భార్య చేయి పట్టుకొని ఎట్లో దాటితిమి. దాటిన పిమ్మట పెద్దగారు, "ఎవరికైనా చెప్పరాదా, అయ్యగారూ?" అనిరి. "ఇంతమంది చూచుచున్నారు, ఎవరో ఒకరు చెప్పియుందురు, ఇది మన ఊరు కాదు గదా" అని మేము బదులు చెప్పితిమి. ఆ మాట చెప్పి నిమిషములో మరచితిమి.

రెండవ నెల వెళ్లినప్పుడును ఆ దీపము అట్లే యుండెను. ఒక వైపు బండ్లు అలవాటు చొప్పున ఆగినవి. ఆగినవి గదా అని మేము అడుగు వేసితిమి. రెండవ వైపు నుండి వచ్చిన మోటారు సైకిలు ఆగలేదు. పెద్దగారి భార్య క్రింద పడి, మణికట్టు ఎముక విరిగెను. బండి నడిపినవాడు చదువుకొను పిల్లవాడు. అతడు పారిపోలేదు, బండి అక్కడే పడవేసి, "అమ్మమ్మా, అమ్మమ్మా" అని యేడ్చుచు ఆమెను లేపెను. "అక్కడ లైటే లేదు, నేనేమి చూడాలి సార్?" అని మమ్ము అడిగెను. మేము జవాబు చెప్పలేకపోతిమి.

ఆ సాయంకాలము కట్టు కట్టించుకొని తిరిగి వచ్చునప్పుడు బస్సులో పెద్దగారు నెమ్మదిగా ఒక మాట అనిరి: "పోయిన నెల కూడా గట్లనే ఉండె గదా, అయ్యగారూ." ఆయన మమ్ము నిందింపలేదు. అయినను ఆ మాట మా హృదయములో ముల్లువలె దిగెను. ఆ దినము మొదలు ఈ రెండు వాక్య భాగములు మమ్ము విడువలేదు.

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయములో మోషే ఒక విచిత్రమైన కట్టడను తెలియజేయుచున్నాడు. పొలములో ఒకడు చంపబడి పడియున్నాడు. చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలును న్యాయాధిపతులును వచ్చి, ఆ శవము పడిన చోటునుండి చుట్టునున్న పట్టణములకు దూరము కొలువవలెను. ఏ పట్టణము దగ్గరగా నుండునో ఆ పట్టణపు పెద్దలు ముందుకు రావలెను. ఏటి లోయలో కావలసిన క్రియ జరిగించి, చేతులు కడుగుకొని, దేవుని యెదుట సాక్ష్యము చెప్పవలెను.

ఇక్కడ కొలత దేనికొరకు? చంపినవారు ఆ పట్టణస్థులే యని ఎవరును నేరము మోపుట లేదు. అయినను చనిపోయినవాడు ఎవరికిని చెందనివాడై పొలములో పడియుండకూడదు. ఎవరో ఒకరు అతనికి ఉత్తరవాదులు కావలెను. ఎవరికి వారు "మాది కాదు" అని పోకుండునట్లు కొలత కావలసి వచ్చెను. పొలిమేర బాధ్యతను ఒకరి చేతిలో పెట్టుటకు ఏర్పడినది గాని, బాధ్యతనుండి తప్పించుకొను సందుగా ఏర్పడలేదు.

మేము ఆ సిగ్నలు విషయము చెప్పుటకు వెళ్లినప్పుడు ఈ కట్టడకు తలక్రిందైన సంగతి చూచితిమి. మొదటి చోట, "ఆ స్తంభము మా హద్దులోనిది కాదు, అవతల అడుగుడి" అనిరి. రెండవ చోట, "దీపము మాది కాదు, రోడ్డు మాత్రమే మాది" అనిరి. అందరును కొలత కొలిచిరి. కొలిచి ఆ దీపమును తమ హద్దు అవతల పెట్టిరి.

అయితే తీర్పు తీర్చుటకు తొందరపడకుందము. ఆ ప్రాంతపు ఎల్లలు నిజముగానే చిక్కైనవి. 2007 వరకు గడ్డిఅన్నారం ఒక పురపాలక సంఘము, ఎల్.బి.నగర్ మరియొకటి. ఆ సంవత్సరము ఏప్రిలులో 12 పురపాలక సంఘములను హైదరాబాదుతో కలిపి గ్రేటర్ హైదరాబాదు నగర పాలక సంస్థగా చేసిరి. పోలీసువారి ఎల్లలు వేరు. 2016లో సైబరాబాదును విభజించి రాచకొండ కమిషనరేటును ఏర్పరచినప్పుడు ఎల్.బి.నగర్ దానిలో చేరెను. ప్రక్కనే యున్న మలక్‌పేట హైదరాబాదులో నిలిచెను. ఆ పిమ్మటను ఎల్లలు మారినవి. నిన్న ఒకరిదైన కూడలి నేడు మరియొకరిది కావచ్చును.

ఈ ఎల్లలు దుఃఖ సమయములోను కనబడినవి. 2013 ఫిబ్రవరి 21 సాయంకాలమున దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకదానికొకటి కొద్ది దూరములో రెండు బాంబులు ప్రేలి అనేకులు మరణించిరి. ఒక ప్రేలుడునకు మలక్‌పేట పోలీసు స్టేషనులోను, మరియొక ప్రేలుడునకు సరూర్‌నగర్ స్టేషనులోను కేసులు నమోదైనవి. వీధి ఒకటే, ఎల్ల దాని నడుమ పోయెను. అయినను అప్పుడు ఎల్ల పనికి అడ్డుపడలేదు. ఇరువురును తమ తమ భాగమును చేతబట్టిరి. తరువాత జాతీయ దర్యాప్తు సంస్థ రెండు కేసులను చేపట్టగా, 2016 డిసెంబరులో న్యాయస్థానము తీర్పు చెప్పెను. పెద్ద కీడు జరిగిన దినమున ఎల్లను ఇట్లు వాడుకొనగలిగిన మనుష్యులు, కీడు జరుగక ముందు చిన్న దీపము విషయములోను అట్లే వాడుకొనవచ్చును గదా.

ఇప్పుడు మా సంగతికి వత్తము. ఆ పట్టణపు పెద్దలు చేతులు కడుగుకొని చెప్పవలసిన సాక్ష్యములో రెండు భాగములు కలవు. తమ చేతులు ఈ రక్తము చిందింపలేదనుట ఒకటి. తమ కన్నులు దీనిని చూడలేదనుట రెండవది. మొదటి భాగము మేము ధైర్యముగా చెప్పగలము. సిగ్నలు చెడగొట్టినది మేము కాము, బండి నడిపినది మేము కాము. రెండవ భాగము చెప్పుటకు మాకు నోరు రాలేదు. మా కన్నులు ముందటి నెలయే చూచినవి.

నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన విధి మీరెరుగుదురు. ఎద్దు హఠాత్తుగా ఒకని పొడిచి చంపినయెడల యజమానుడు నిర్దోషి. అది పొడుచు నలవాటు గలదని ముందే అతనికి తెలియజేయబడియు, అతడు దానిని కట్టక విడిచినయెడల తీర్పు వేరు. ఎద్దు అదే, దెబ్బ అదే, తెలియుటయే భేదము. తెలిసిన క్షణమున మనిషి దేవుని యెదుట క్రొత్త స్థలములో నిలుచుచున్నాడు. మంచి చేయ నెరిగియు చేయనివానికి అది పాపమగునని యాకోబు 4:17లో చెప్పినదియు ఇదే.

కావున, "చెడిన దీపమునకు బాధ్యులెవరు?" అని అడిగినయెడల మా ఉత్తరమిది: బాగుచేయవలసిన అధికారి మొదటి బాధ్యుడు, అతని భారము మనము మోయలేము. చూచినవానికి అంతకంటె చిన్న భారము కలదు. ఆ చూచిన సంగతిని అధికారి చెవిని వేయుటయే ఆ భారము. అది చిన్నదే గాని నిజమైనది.

ఇందుకు మనవారు చెప్పు అడ్డు మాటలు కొన్ని కలవు.

మొదటిది: "ఫిర్యాదు చేయుట క్రైస్తవునికి తగునా? ఓర్చుకొనవలెను గదా?" అరణ్యములో ఇశ్రాయేలీయులు సణిగిరి, దేవుడు దానికి కోపగించెను. అయితే సణుగుటకును తెలియజేయుటకును భేదము కలదు. సణుగువాడు తన గుడారములో కూర్చుండి, బాగుచేయలేని వారితో చెప్పును. తెలియజేయువాడు బాగుచేయగలవాని యొద్దకు పోయి చెప్పును. మేము ఆ కూడలి విషయమై బస్సులో సణిగితిమి, టీ బంకు వద్ద సణిగితిమి, ఇంటికి వచ్చి సణిగితిమి. చెప్పవలసిన చోట మాత్రము ఒక నెల దినములు చెప్పలేదు. మన ఓర్పు మనకు కలుగు బాధ విషయములో మంచిదే. రేపు అదే కూడలి దాటబోవు మరియొక ముసలమ్మ చేతి విషయములో మనము ఓర్చుకొనుటకు మనకెవరు అధికారమిచ్చిరి?

రెండవది: "అది మన ఊరు కాదు." యెరికో దారిలో దెబ్బలు తిన్నవాడు సమరయుని ఊరివాడు కాడు. దారి నడచువారందరిది. నల్లగొండ, సూర్యాపేట వైపుల నుండి పనికి, చదువునకు, ఆసుపత్రికి పోవు మన బిడ్డలలో ఎందరో మొదట కాలు మోపునది ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలోనే. కేంద్ర ప్రభుత్వపు లెక్క ప్రకారము 2022లో మన దేశపు రోడ్లమీద మరణించినవారు 1,68,491 మంది. అనగా దినమునకు సుమారు 460 మంది. వీరందరు సిగ్నలు చెడినందున చనిపోయిరని మేమనుట లేదు. వేగము, త్రాగుడు, అజాగ్రత్త ఎక్కువ ప్రాణములు తీయుచున్నవి. అయినను ఇంత ప్రమాదకరమైన చోట ఒక చిన్న కాపుదల కూడ ఆరిపోవుటను తేలికగా చూడకూడదు.

మూడవది: "అధికారులు పన్నులు తీసికొనుచున్నారు, వారే చూచుకొనవలెను." నిజమే. మోటారు వాహనముల చట్టము 1988లో వచ్చెను. 2019 సవరణలో 198ఎ అను సెక్షను చేర్చిరి. రోడ్డు కట్టుటలోగాని కాపాడుటలోగాని ఏర్పరచిన ప్రమాణములు పాటింపనందున మరణమో అంగవైకల్యమో కలిగినయెడల, బాధ్యుడైన అధికారికి లేక కాంట్రాక్టరునకు లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. అయినను ఎంత శ్రద్ధగల అధికారికైనను ప్రతి స్తంభము వద్ద కన్ను లేదు. మొదటి సిగ్నలు చరిత్రయే చూడుడి. 1868 డిసెంబరులో లండనులో పార్లమెంటు భవనము ఎదుట దానిని నిలిపిరి. అది గ్యాసుతో వెలుగునది. ఒక పోలీసు ప్రక్కన నిలిచి చేతితో దానిని త్రిప్పుచుండెను. నెల దాటక ముందే, 1869 జనవరిలో, గ్యాసు కారి అది ప్రేలగా ఆ పోలీసునకే గాయములు తగిలెను. మనుష్యుల మేలుకొరకు నిలిపిన దీపమునకును కాపు కావలెను. ఆ కాపులో దారిన పోవువాని కన్నును ఒక భాగమే. పైగా మనము తేదీ వేసి వ్రాసి యిచ్చిన కాగితము ఆ ఎద్దు యజమానునికి ముందుగా తెలియజేసినట్లగును. అటు పిమ్మట "నాకు తెలియదు" అను మాట అతనికి చెల్లదు.

నాలుగవది: "మనవంటి వారి మాట ఎవరు వినును?" ఇక్కడ అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయము మనకు చక్కని పాఠము. నలుబదిమందికి పైగా పౌలును చంపుటకు ఒట్టు పెట్టుకొనిరి. ఆ సంగతి పౌలు అక్కచెల్లెండ్రలో ఒకరి కుమారుడు వినెను. ఆ పిల్లవాని పేరైనను గ్రంథములో లేదు. అతడు వీధిలో కేకలు వేయలేదు. కోటలోనికి పోయి పౌలునకు తెలిపెను. పౌలు ఒక శతాధిపతిని పిలిచి, ఇతనిని సహస్రాధిపతి యొద్దకు తీసికొని పొమ్మనెను. శతాధిపతి "ఇది నా పని కాదు" అనలేదు. తానే వెంటబెట్టుకొని పోయెను. సహస్రాధిపతి ఆ పిల్లవాని చేయి పట్టుకొని ప్రక్కకు తీసికొనిపోయి, ఏమి చెప్పవలెనో చెప్పుమని అడిగెను. పిల్లవాడు ఎంతమంది, ఎక్కడ, ఎప్పుడు అని స్పష్టముగా చెప్పెను. ఆ రాత్రియే సైనికులు బయలుదేరిరి. పౌలు ప్రాణము దక్కెను.

దేవుడు ఇక్కడ దూతను పంపలేదు. ఒక పిల్లవాడు సరియైన సంగతిని, సరియైన వానికి, సరియైన వేళ చెప్పుటను వాడుకొనెను. చెప్పినవాడు తన పని చేసెను. నడుమనున్నవాడు త్రోవ చూపెను. పై అధికారి చెవి యొగ్గెను. ఈ మూటిలో ఏది లోపించినను ఆ రాత్రి ఏమగునో ఊహించుడి. మనలో ప్రభుత్వోద్యోగములలో నున్న సహోదరులు ఈ శతాధిపతిని గుర్తుంచుకొందురు గాక. తమ హద్దులోనిది కాని విన్నపము వచ్చినప్పుడు "అవతల అడుగుము" అని పంపివేయుట ఒక రీతి. "రండి, ఎవరిని అడుగవలెనో చూపుదును" అనుట మరియొక రీతి.

మాకును అట్టివాడు ఒకడు దొరికెను. మూడవ చోట బల్లయొద్ద కూర్చున్న ఒక చిన్న ఉద్యోగి మా కోపమును విని, నీళ్లిచ్చి, "ఏ స్తంభమండి?" అని అడిగెను. మేము చెప్పలేకపోతిమి. "ఆ కొత్తపేట దాటిన తరువాత, ఒక మిఠాయి అంగడి వద్ద" అంటిమి. ఆయన నవ్వి, "మెట్రో స్తంభముమీద నెంబరు ఉంటుంది, అది చూసి రండి" అనెను. మాకు సిగ్గు కలిగెను. గద్దించుటకు కావలసినంత మాట తెచ్చుకొంటిమి గాని, బాగుచేయుటకు కావలసిన సంగతి ఒక్కటియు తీసికొనిపోలేదు. తిరిగిపోయి నెంబరు చూచి, ఏ వైపు దీపము వెలుగుట లేదో వ్రాసికొని వచ్చితిమి. ఆయన కాగితము తీసికొని, తేదీ వేసి, ఫిర్యాదు నెంబరు ఇచ్చెను. మరుసటి నెల పోయినప్పుడు దీపము వెలుగుచుండెను. అది మా కాగితమువలననో, మాకంటె ముందు చెప్పిన మరియొకని వలననో. ఎవరివలన నైనను దేవునికి స్తోత్రము. పెద్దగారి భార్య మాత్రము ఇంకను ఆ చేతితో బిందె ఎత్తలేదు.

కావున ఆచరణకు కొన్ని మాటలు వ్రాయుచున్నాము. సిగ్నలు చెడినప్పుడు మొదట ఆ కూడలిలోని ట్రాఫిక్ పోలీసుకు చెప్పుడి. ఎవరును లేనియెడల ట్రాఫిక్ పోలీసు స్టేషనుకు పోవుడి. వారి హద్దు కానియెడల ఎవరి హద్దో అడిగి తెలిసికొని, అక్కడికి పోవుడి. రోడ్డు గుంట, వీధి దీపము పురపాలక సంస్థకు చెప్పవలెను. కరెంటు తీగ తెగినయెడల 1912కు ఫోను చేయవలెను. ప్రాణాపాయము ఎదుటనే యున్నయెడల 112కు చెప్పవలెను. స్థలము, స్తంభపు నెంబరు, ఏ వైపు, ఏ దినము, ఏ వేళ అను వీటిని వ్రాసికొనుడి. ఫిర్యాదు నెంబరు అడిగి తీసికొనుడి. పని కానియెడల లూకా 18వ అధ్యాయములోని విధవరాలివలె విసుగక మరల పోవుడి. సోమవారము కలెక్టరు కార్యాలయములో జరుగు ప్రజావాణి కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము కలదు. కోపపు మాట వద్దు, అబద్ధము కలుపవద్దు. దీపము బాగుపడు వరకు ఆ కూడలిలో బండివారు నెమ్మదించి, నడచువారికి దారి విడువవలెను.

ఇదంతయు పట్టణపు సంగతి మాత్రమే అని అనుకొనకుడి. మన పల్లెలో నీళ్లు పడక నోరు తెరచుకొనియున్న బోరు బావి కలదా? కంచె లేని ట్రాన్స్‌ఫార్మరు కలదా? వానకు కూలిన కల్వర్టు కలదా? దానిని మనమెన్ని మారులు దాటి పోతిమి? గోతిని కప్పక విడిచినవానిని గూర్చి నిర్గమకాండము 21:33, 34 చదువుడి. సర్పంచికిగాని, పంచాయతీ కార్యదర్శికిగాని, లైనుమానుకుగాని ఈ వారమే చెప్పుడి. చేతులు కడుగుకొనుట సులభము, పిలాతును కడుగుకొనెను. "మా కన్నులు చూడలేదు" అని చెప్పగలమా అనునదే మనలను మనము అడుగవలసిన ప్రశ్న. చూచియున్నయెడల, "చూచితిమి, చెప్పవలసిన వానికి చెప్పితిమి" అనియైనను చెప్పగలవారమై యుందము.

ప్రార్థన: ప్రభువా, మేము చూచియు చూడనట్లు దాటిపోయిన దినములను క్షమించుము. చెప్పవలసిన చోట చెప్పు ధైర్యమును, చెప్పునప్పుడు సాత్వికమును మాకు దయచేయుము. అధికారములో నున్నవారికి వినగల చెవిని అనుగ్రహించుము. దారులలో నడచు మా బిడ్డలను కాపాడుము. ఆమేన్.